ఊరూ పేరూ లేని మోటారు సామాను

ఇంటిలో పాత రేడియో పెట్టె ఉన్నవారికి ఈ అనుభవము కొత్త కాదు. ఒకనాడు సెట్టు మూగపోతుంది. వెనుక అట్ట తీసి చూస్తే మసి పట్టిన వాల్వు ఒకటి కనిపిస్తుంది. దానిమీద వేసిన అంకె దుమ్ము తుడిచిన గుడ్డతో పాటే ఎన్నడో పోయినది. అంకె ఉన్నంత కాలము అది వాల్వు. అంకె పోయిన నాటి నుండి వట్టి గాజుబుడ్డి. లోపలి తీగలు మారలేదు, గాజు మారలేదు. పోయినది పేరు ఒక్కటే. పేరుతో పాటు వెలయు పోయినది.

మోటారు కార్ల విడిభాగముల లోకములో ఈ కథ ఇంకా పెద్ద ఎత్తున నడుస్తుంది. పెట్టె చిరిగి, చీటీ ఊడి, అచ్చు అరిగి, ఇది ఫలానా కారుది అని చెప్పే గుర్తు ఏదీ మిగలని భాగమును గుర్తించుట ఎట్లు? గుర్తించిన తరువాత దానికి వెల కట్టుట ఎట్లు? ఈ ప్రశ్నలు మాకు కంచరపాలెములోని ఒక షెడ్డులో, నెలాఖరు గడువు నెత్తిమీద ఉండగా, ఎదురైనవి.

కంచరపాలెము ఎక్కడ ఉన్నదో విశాఖపట్టణపు శ్రోతలకు చెప్పనక్కరలేదు. దూరపు ఊళ్ళవారికి 2018లో వచ్చిన చలనచిత్రము ఒకటి ఆ పేరును పరిచయము చేసినది. ఒక వంక రైలు పట్టాలు, ఆవల మర్రిపాలెములో డీజిలు ఇంజనుల షెడ్డు, ఇవతల ఐ.టి.ఐ., పాలిటెక్నిక్. లేతు మీద చేయి తిరిగినవారు వీధికి ఒకరైనా దొరికే పేట అది. పేరులోనే కంచు పోసేవాని మాట వినిపించుట మాకెప్పుడూ ఇష్టముగానే ఉండేది.

అక్కడ ఒక మేస్త్రిగారు నలభై యేండ్లకు పైగా కార్లు బాగుచేశారు. మా తండ్రిగారి నాటి 1960వ సంవత్సరపు అంబాసిడరుకు ఆయనే వైద్యుడు. ఆయన కాలము చేసిన తరువాత కొన్ని నెలలకు వారి ఇంటి నుండి మాకు కబురు వచ్చినది. షెడ్డు స్థలము యజమానికి అప్పగించవలెను. లోపల రెండు గోడల నిండా డబ్బాలు. పాత ఇనుము వర్తకుడు త్రాసుతో సహా వచ్చి కూర్చున్నాడు.

“ఆయనుండగా నన్నీ డబ్బాల జోలికి రానిచ్చేవోరు కాదు బాబూ. ఇప్పుడేటి సెయ్యాలో నువ్వే సెప్పాల,” అన్నది ఆమె. రేడియోలో మాట్లాడేవానికి అన్నీ తెలిసి ఉంటవని ఆమె నమ్మకము. ఆ నమ్మకమును కాదనుటకు అది సమయము కాదు.

వర్తకుడు మంచివాడే. “ఇనుముకొక రేటు బాబుగారూ, అల్యూమినియానికొకటి, ఇత్తడికొకటి. అంతకుమించి మా దగ్గర లెక్కలేదండి,” అన్నాడు. అతనిది మోసము కాదు. త్రాసునకు తెలిసిన భాష అది ఒక్కటే. ఆమెకు తీర్చవలసిన బాకీ ఉన్నది. అతడు చెప్పిన మొత్తము దానిలో మూడవ వంతుకు కూడ సరిపోదు. మేము పది రోజుల గడువు అడిగాము. లేతుపని బోధించి విరమించిన మిత్రులు ఒకరిని తోడు పిలుచుకొన్నాము. వారు ఒక వెర్నియరు, ఒక ఉక్కు స్కేలు, దువ్వెన పళ్ళ వంటి రేకులు గల మర గేజి పట్టుకొని వచ్చారు.

మొదటి రోజుననే మేము ఒక తప్పు చేశాము. ఉత్సాహము కొద్దీ రెండు పాలపొడి డబ్బాలలోని బోల్టులను ఒకే తట్టలో గుమ్మరించి కిరసనాయిలు పోశాము. మిత్రులు చూచి తల పట్టుకొన్నారు. “కడిగినందుకు కాదు, కలిపినందుకు,” అన్నారు. డబ్బాల మీద వ్రాత లేదు, నిజమే. కాని అమరిక ఉన్నది. మేస్త్రి ఏ కారు విప్పితే ఆ కారు సామాను ఒక డబ్బాలో వేస్తాడు. పది వస్తువులలో ఒకదాని పేరు తెలిస్తే మిగిలిన తొమ్మిదింటికి ఊరు తెలిసినట్లే. చుట్టిన దినపత్రిక ముక్క మీది తేదీ, కట్టిన తీగ, అంటుకొన్న రంగు, ఒక వైపున మాత్రమే మెరిసే అరుగుడు, ఇవన్నీ సాక్షులు. కడుగుటకు ముందు ఫోటో తీయవలెను. ప్రక్కన స్కేలు పెట్టి తీయవలెను. మిగిలిన డబ్బాలకు అట్లే చేశాము. ఆ రెండు డబ్బాల బోల్టులను విడదీయుటకు ఒక రోజు పూర్తిగా పట్టినది.

ఏది కావచ్చునో తెలిస్తే ఏది కాదో సులభముగా తేలుతుంది. కావున ముందుగా మన దేశములో తిరిగిన కార్ల వంశావళిని గుర్తు చేసుకొన్నాము. ‘వింటేజి’ అను మాటను ప్రపంచములోని కార్ల సంఘములు 1919 నుండి 1930 వరకు తయారైన వాటికి వాడుతవి. మన ప్రభుత్వము 2021లో చేసిన నిబంధనలలో మాత్రము యాభై యేండ్లు దాటి, మూలరూపము చెడని వాహనము వింటేజి క్రిందికి వస్తుంది. ఆ లెక్కన మన షెడ్డులలోనివి చాలవరకు ఆ గౌరవమునకు అర్హములే. జనరల్ మోటార్స్ వారు బొంబాయిలో 1928 నుండి షెవర్లేలను కూర్చారు. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత కుర్లాలోని ప్రీమియర్ వారు డాడ్జి, ప్లిమత్, డిసోటోలను, ఆపైన ఇటలీ ఫియట్లను తెచ్చారు. 1942లో స్థాపితమై 1948లో గుజరాతు ఓఖా రేవు నుండి వంగదేశములోని ఉత్తరపాడకు మారిన హిందుస్తాన్ మోటార్స్ వారివి మోరిస్ సంతతి: హిందుస్తాన్ 10, ల్యాండ్ మాస్టరు, అంబాసిడరు. మద్రాసులో స్టాండర్డు వారు 1961 నుండి హెరాల్డు చేశారు. వీటికి తోడు జీపులు. అంతే. మనకు దొరికే ఊరూ పేరూ లేని బోల్టు ఈ నాలుగైదు ఇళ్ళలో ఏదో ఒక ఇంటిది కావలెను.

ఏ ఇంటిదో చెప్పేది మర. ఇంగ్లండులో పూర్వము వాడిన విట్వర్తు మరల కోణము 55 డిగ్రీలు. అమెరికా, బ్రిటను, కెనడా దేశములు 1948లో ఒప్పుకొన్న ఏకీకృత మరల కోణము 60. ఇటలీ ఫియట్టుది మెట్రిక్కు. కోణము 60 అయినా కొలత మిల్లీమీటరులలో. పావు అంగుళపు బోల్టు మీద అంగుళమునకు 26 చుట్లు ఉంటే అది పాత బ్రిటిషు ఫైను. 28 ఉంటే ఏకీకృత ఫైను. రెండు చుట్ల తేడా కంటికి ఆనదు. మర గేజి పళ్ళు అమరునో లేదో వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే తేటతెల్లమవుతుంది. ఈ ఒక్క పరీక్షతో డబ్బాలు సగము వేరుపడినవి.

మిగిలిన వాటిలో ఒక డబ్బా మమ్ములను రెండు రోజులు వేధించినది. బోల్టు తలకు పాత ఇంగ్లీషు విట్వర్తు స్పానరు చక్కగా పట్టినది. మర మాత్రము విట్వర్తు కాదు. 5/16 అంగుళపు ఏకీకృత నట్టు ఎక్కించితే రెండు మూడు చుట్లు తిరిగి బిగుసుకొన్నది. ఈనాటి 8 మిల్లీమీటర్ల నట్టు అసలే ఎక్కలేదు. మర పాడైనదని మేము దానిని త్రాసు వైపు జరిపాము. మిత్రులు మరల చేతిలోకి తీసుకొని, మిల్లీమీటరు గేజి పెట్టి చూచి నవ్వారు. చుట్టుకు సరిగా ఒక మిల్లీమీటరు. ఈనాటి 8 మిల్లీమీటర్ల మామూలు బోల్టుకు చుట్టు ఒకటింబావు. 5/16 ఏకీకృత ఫైనుకు అంగుళమునకు 24 చుట్లు, అనగా చుట్టు 1.058 మిల్లీమీటర్లు. అందుకే రెండు మూడు చుట్లు మోసపుచ్చి ఆపైన నిలిచిపోయినది. పది చుట్ల పొడవులో అర మిల్లీమీటరు పైగా తేడా పడుతుంది.

తల ఇంగ్లీషు, ఒడలు ఫ్రెంచి. ఈ వింత ఎట్లు పుట్టినది? మొదటి ప్రపంచయుద్ధ కాలములో హాచ్కిస్ అను ఫ్రెంచి తుపాకుల కంపెనీ ఇంగ్లండులోని కవెంట్రీలో ఒక ఫ్యాక్టరీ పెట్టినది. యుద్ధానంతరము ఆ ఫ్యాక్టరీ మోరిస్ కార్లకు ఇంజనులు చేయసాగినది; 1923లో మోరిస్ గారే దానిని కొన్నారు. యంత్రములన్నీ మెట్రిక్కువి. వాటిని మార్చుట ఖర్చు. ఊరిలోని మెకానిక్కుల స్పానరులేమో అంగుళములవి. అందుచేత మర మెట్రిక్కుగా ఉంచి, తల మాత్రము విట్వర్తు స్పానరుకు సరిపడునట్లు చేశారు. ఆ అలవాటు 1950ల నడుమ వరకు ఆ ఇంజనులలో సాగినది. హిందుస్తాన్ 10కు మాతృక అయిన మోరిస్ 10 ఇంజను ఆ కుదురులోనిదే. అనగా మేము త్రాసు వైపు జరిపిన డబ్బా మన దేశపు తొలి కార్లలో ఒకదాని ఇంజనుకు చెందినది కావచ్చునన్న మాట. అదే డబ్బాలో అడుగున ఉన్న వాల్వు స్ప్రింగులు, రాకరు చేతులు కొలిచిన మీదట సందేహము తీరినది.

ఇటువంటి పొరపాటు మాకు మొదటిది కాదు. కళాశాల చదువుల నాడు సెలవులలో ఈ షెడ్డులోనే కూర్చుండేవారము. ఒకనాడు మేస్త్రిగారు చక్రముల బోల్టుల డబ్బా ఒకటి ఇచ్చి మంచివి ఏరి పెట్టమన్నారు. ఇరువదింటిలో పది ఎక్కినవి, పది ఎక్కలేదు. ఎక్కనివాటిని చెత్తలో పారవేశాము. ఆయన ఏమీ అనకుండా వంగి, పదింటినీ ఏరి, ఒకదానిని ఎడమకు త్రిప్పి ఎక్కించి చూపారు. డాడ్జి, ప్లిమత్ కార్లలో ఎడమ ప్రక్క చక్రములకు ఎడమ మర ఉండేది. పరుగులో బోల్టు వదులు కాకూడదని వారి ఉద్దేశము. ఎడమను తెలిపే అక్షరము తల మీద అరిగిపోయినది. పైగా చాల కార్లకు గుబ్బ నుండి పొడుచుకొని వచ్చే స్టడ్డు, దానిమీద నట్టు ఉంటే, వీటికి నట్టు లేక బోల్టే నేరుగా లోపలికి పోతుంది. ఈ రెండు లక్షణములు కలిస్తే చీటీ ఎందుకు? ఆ కంపెనీ పోతల మీద కనిపించే డి, పి, సి, డి అను నాలుగు అక్షరములు కూడ డాడ్జి, ప్లిమత్, క్రైస్లరు, డిసోటోల మొదటి అక్షరములే. అవి తెలియని వర్తకులు దానిని ఎవరో ఒక కంపెనీ పేరనుకొంటారు.

ఇక చిన్నచిన్న గుర్తులు ఎన్నో. లూకాస్ వారి డైనమోల ఒంటి మీద తయారైన నెల, సంవత్సరము చిన్న అంకెలలో పొడిచి ఉంటవి. మసి క్రింద వేలితో తడమవలెను. ఎస్.యు. హెచ్.ఎస్. కార్బురేటరులలో పేరు చివరి అంకె గొంతు కొలతను చెబుతుంది: అంగుళము మీద ఎన్ని అష్టమ భాగములో ఆ అంకె. రెండు అయితే అంగుళమున్నర కాదు, అంగుళంబావు. నాలుగు అయితే అంగుళమున్నర. చీటీ ఊడిపోయినా గొంతు కొలిచి పేరు పెట్టవచ్చును. అమెరికా కార్లకు 1950ల నడుమ వరకు విద్యుత్తు ఆరు వోల్టులే; స్టార్టరు లోపలి రాగి పట్టీ అందుకే లావుగా ఉంటుంది.

పిస్టనుల వద్ద మాత్రము తొందర పనికిరాదు. ఒకటి కొలిస్తే 74 మిల్లీమీటర్లు వచ్చినది. ఆ వ్యాసము గల ఇంజను మా జాబితాలో ఏదీ లేదు. నెత్తిన బొగ్గు గీకగా 040 అను అంకె బయటపడినది. అరిగిన సిలిండరును తొలిచినప్పుడు వేసే పెద్ద సైజు పిస్టను అది. అంగుళములో నలభై వేయవ వంతులు, అనగా ఒక మిల్లీమీటరు చిల్లర, తీసివేయవలెను. మిగిలినది 73.025, సరిగా రెండు అంగుళముల ఏడు అష్టమ భాగములు. అంబాసిడరు 1489 సి.సి. ఇంజను! మా కారుదే. ఫియట్ 1100ది 68 మిల్లీమీటర్లు.

వ్యాసము ఒక్కటే నమ్మితే మోసపోవచ్చును. 1934–41 నడుమ ప్లిమత్ ఆరు సిలిండర్ల ఇంజనుకు, జీపు నాలుగు సిలిండర్ల ఇంజనుకు పిస్టను వ్యాసము ఒకటే, 3 1/8 అంగుళములు. నడక కూడ ఒకటే, 4 3/8. ఇవి రెండు వేరు వేరు కంపెనీలవి. కావున పిన్ను లావు, పిన్ను నుండి నెత్తి వరకు ఎత్తు, రింగుల గాడులు, అన్నీ కొలిచి వ్రాసుకోవలెను. ఒక కొలత అనుమానము; నాలుగు కొలతలు సాక్ష్యము.

బేరింగుల సంగతి దీనికి విరుద్ధము. వాటిమీద కారు పేరు ఉండదు, కాని అంకె ఉంటుంది. ఆ అంకె ప్రపంచమంతటా ఒకటే. 6205 అని ఉంటే లోపలి రంధ్రము 25 మిల్లీమీటర్లు; చివరి రెండు అంకెలను అయిదుతో హెచ్చవేస్తే చాలును. అటువంటిది ఎంత పాత కారు నుండి ఊడినదైనా, ఈనాడు అంగడిలో క్రొత్తది దొరుకుతుంది. దానిని అపురూప వస్తువని అమ్మజూపుట అన్యాయము. అంగుళముల కొలత గల పాత ఇంగ్లీషు బేరింగు మాత్రము వేరు. దానిని జాగ్రత్తగా గుడ్డలో చుట్టి ప్రక్కన పెట్టాము.

ఇక్కడినుండి వెల సంగతి. పాతదనమునకు ధరకు నేరు సంబంధము ఉన్నదనుకొనుట పెద్ద భ్రమ. ఏ భాగమునకైనా క్రింది హద్దు తూకము. పై హద్దు, దానిని క్రొత్తగా చేయించుటకు అగు ఖర్చు. బుష్షు, పిన్ను, స్టడ్డు వంటివి కంచరపాలెములో ఒక పూటలో లేతు మీద తయారవుతవి; ఎంత అపురూపమైనా వాటి వెల ఆ పూట కూలిని మించదు. పోత పోసి, పళ్ళు కోసి, కాల్చి గట్టిపరచవలసినవి అట్లు కావు. మోరిస్ మైనరు, ఎం.జి. కార్లకు ఇంగ్లండులో నేటికీ క్రొత్త భాగములు చేసి అమ్ముతున్నారు. కావున వాటి పాత భాగములకు ఒక కట్టుబాటు ఉన్నది. మన దేశములోనే పుట్టి మన దేశములోనే ఆగిపోయిన వాటికి ఆ దిక్కు లేదు. 1972 నుండి అయిదారు యేండ్లు మాత్రమే వచ్చిన స్టాండర్డు గజెల్ తలుపు పిడి, ల్యాండ్ మాస్టరు ముందు దీపపు చట్రము వయస్సులో చిన్నవైనా, వెదకేవానికి ప్రాణము. అంబాసిడరు తయారీ 2014లో ఆగిపోయినది. నిన్నటి వరకు సందు చివర దొరికిన సామాను రేపు ఈ వరుసలోనికే వస్తుంది.

జత విడిపోయిన దానికి వెల లేదు. వెనుక ఇరుసులోని పెద్ద పళ్ళ చక్రము, చిన్న పినియను ఒకదానితో ఒకటి నూరి జతపరచినవి. రెండింటి మీద ఒకే అంకె గీసి ఉంటుంది. 39 పళ్ళ చక్రము, 8 పళ్ళ పినియను దొరికినవి. నిష్పత్తి 4.875 అని సంతోషించాము. అంకెలు చూస్తే వేరు వేరు. మిత్రులు మారు మాటాడక రెండింటిని త్రాసు గుట్టలో వేశారు. విప్పని పొట్లములలోని రబ్బరు సామాను కూడ అంతే. వాడని సరుకు గదా అని ఆశపడితే, వంచగానే బీటలు వారినది. పోత భాగములకు మరొక పరీక్ష: కిరసనాయిలులో నానబెట్టి, తుడిచి, సుద్దపొడి చల్లాము. పగులు ఉన్నచోట తడిగీత తేలినది. మూడు సిలిండరు హెడ్డులలో రెండు ఆ గీతతోనే తేలిపోయినవి.

నకళ్ళు కూడ ఉంటవి. అసలు భాగమునే అచ్చుగా పెట్టి ఇసుకలో క్రొత్తది పోస్తారు. బీడు చల్లారినప్పుడు సుమారు నూటికి ఒక వంతు కుదించుకొంటుంది. అందుచేత నకలు అసలుకన్న ఆ మేరకు చిన్నది; 200 మిల్లీమీటర్ల పొడవులో రెండు మిల్లీమీటర్లు తగ్గుతుంది, రంధ్రముల ఎడము సరిపోదు. అక్షరముల అంచులు కూడ కరిగినట్లు మొద్దుబారి ఉంటవి. నకలు వాడుట తప్పు కాదు. నకలును అసలు వెలకు అమ్ముట తప్పు.

ఏడవ రోజున జీపు సామాను డబ్బా తెరిచాము. జీపు భాగములకు మన దేశములో కరవు లేదు. మహీంద్రా వారు 1940ల చివరి నుండి వాటిని కూర్చారు. వర్తకుడు కూడ వాటిని సైగతోనే త్రాసు వైపు చూపాడు. కాని కొన్ని బోల్టుల తలల మీద, ఒక కమ్మీ చెవి మీద, ‘ఎఫ్’ అను ఇంగ్లీషు అక్షరము కనిపించినది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపై బాంబులు వేసినవి గదా. ఆ యుద్ధకాలమున అమెరికాలో విల్లీస్ వారి జీపునే ఫోర్డు వారు కూడ చేశారు. ఫోర్డు వారు తమవి అని తెలియుటకు చిన్న బోల్టుల మీద సైతము ఆ అక్షరము పొడిచారు. యుద్ధము ముగిసిన తరువాత సైన్యము వేలము వేసిన జీపులు దేశమంతట పౌరుల చేతికి వచ్చినవి. అటువంటి జీపును యథాతథముగా నిలబెట్టదలచినవారు ఒక్కొక్క ‘ఎఫ్’ బోల్టు కొరకు సంవత్సరములు వెదుకుతారు. బలములో అది పక్కనున్న బోల్టుకన్న వీసమెత్తు ఎక్కువ కాదు.

ఒక సంగతి చెప్పక తప్పదు. అటక మీద గోనెలో చుట్టి, మొదటి మార్కు అంబాసిడరు ముందు జాలీ ఒకటి దొరికినది. మా కారుది విరిగి పదకొండేండ్లు అయినది. ఆమె మా ముఖము చూచి గ్రహించినది. “నువ్వట్టుకెళ్ళు బాబూ. నీకు కాక ఇంకెవులికి?” అన్నది. తూకము వెల ఇచ్చి తీసుకొన్నా ఆమె సంతోషించేది. ఆ రాత్రి మాకు నిద్ర సరిగా పట్టలేదు. వెల చెప్పేవాడే కొనేవాడు అయితే ఆ వెలను ఎవరు నమ్మవలెను? మరునాడు మిత్రులను అడిగితే వారు మొగమాటము లేకుండా, “మీరు దానికి వెల చెప్పకండి. ఇతరులు ఎంత ఇస్తారో విన్న తరువాత మీకు శక్తి ఉంటే అంత ఇవ్వండి,” అన్నారు. హైదరాబాదు నుండి ఒకరు చెప్పిన వెల మేము అనుకొన్న దానికి రెండింతలు. దానినే ఇచ్చి తీసుకొన్నాము. ఇంటిలో ఆ మొత్తము ఇంకా సరిగా చెప్పలేదు. ఈ ప్రసంగము వారు వింటూ ఉంటే తెలిసిపోయినట్లే.

పదవ రోజుకు మూడు గుట్టలు తేలినవి. అన్నిటికన్న పెద్దది త్రాసుది. అది వర్తకునికే ఇచ్చాము, ధర విషయములో అతడు మాట తప్పలేదు. రెండవది నేటికీ నడుస్తున్న అంబాసిడర్లకు, ఫియట్లకు పనికివచ్చే సామాను. పట్టణములోని మెకానిక్కులు వచ్చి కొన్నారు. మూడవది రెండు చిన్న పెట్టెలు మాత్రమే. వాటి ఫోటోలు, నాలుగేసి కొలతలు, మర లెక్క, పగుళ్ళు ఉంటే పగుళ్ళ సంగతి, అన్నీ వ్రాసి కార్లు గలవారికి పంపాము. ఆ రెండు పెట్టెలు తెచ్చిన సొమ్ము మిగిలిన షెడ్డంతా తెచ్చిన దానికన్న ఎక్కువ. బాకీ తీరినది. వర్తకుడు త్రాసు సర్దుకొని వెళ్ళబోతూ మిత్రుల దగ్గర ఆగి, “ఆ దువ్వెనలాంటిది ఎక్కడ అమ్ముతారండి?” అని అడిగాడు.

అన్నీ తేలినా ఒకటి తేలలేదు. మేస్త్రిగారి పనిముట్ల పెట్టెలో, ఏ డబ్బాతోను కలపక, గుడ్డలో చుట్టి విడిగా ఉంచిన ఇత్తడి ముక్క అది. పొడవు 62 మిల్లీమీటర్లు. నడుమ ఆరు పలకలు. ఒక కొసన పావు అంగుళపు మర, అంగుళమునకు 26 చుట్లు. రెండవ కొసన 8 మిల్లీమీటర్ల మర, చుట్టుకు ఒక మిల్లీమీటరు. నిలువునా సన్నని రంధ్రము. ప్రక్కన దానిని కలుపుతూ మరొకటి, సూది దూరేటంత. మీద అక్షరము గాని అంకె గాని లేదు. వర్తకుడు తూచబోతే ఆమె ఇవ్వలేదు. ప్రస్తుతము అది వారి ఇంటిలో రేడియో ప్రక్కన ఉన్నది. ఈ కొలతలు విని, ఆ ముక్కను ఎక్కడైనా చూచినట్లు తోచిన శ్రోతలు ఉంటే ఆమెకు తెలుపుటకు మేము సిద్ధముగా ఉన్నాము.